చెయ్యి తీయగానే జారిపోయే ట్రైపాడ్ హెడ్

నేలపట్టు చెరువు దగ్గర పక్షులు చూసే స్కోప్ పెట్టారనుకోండి. కడప చెట్ల కొమ్మల్లో గూడబాతు గూడు దొరికింది. పిల్ల మెడ సాచి తల్లి సంచిలోకి ముక్కు దూర్చబోతోంది. నాబ్ బిగించి చెయ్యి తీశారు. అంతే! గూడు కాస్తా పైకి జారి కనుమరుగైంది. కింది కొమ్మలూ నీళ్ళూ మిగిలాయి. మళ్ళీ వెతికారు. ఈసారి ఎంత జారుతుందో లెక్కేసుకుని గూటికి కొంచెం పైన గురిపెట్టి బిగించారు. ఈలోపు పిల్ల కడుపు నిండిపోయింది.

మీకూ ఇలా అవుతోందా? అయితే ముందుగా ఒక మాట. మీ స్కోప్‌లో లోపం లేదు. మీ చేతుల్లోనూ లేదు. స్కోప్‌కీ కాళ్ళకీ మధ్య కూర్చున్న పిడికెడు లోహపు ముక్క, అంటే హెడ్, సరిగ్గా పని చేయడం లేదు, అంతే. దాన్ని బాగు చేయడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, నాలుగు అలెన్ కీలు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఒక్క లివర్ తిప్పితే అటూ ఇటూ, పైకీ కిందికీ కదిలే ఈ చిన్న హెడ్లను అమెరికా పడమటి రాష్ట్రాల వేటగాళ్ళు ఎక్కువగా వాడతారు. వాళ్ళు బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించి, కొండవాలు మీద గంటలకొద్దీ కూర్చుని ఎదుటి వాలును అంగుళం అంగుళం గాలిస్తారు. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది. ఇక్కడ అలాంటి హెడ్లు పక్షులు చూసేవాళ్ళ చేతుల్లో, ఫొటోలు తీసేవాళ్ళ చేతుల్లో కనిపిస్తాయి. పని మాత్రం ఒకటే: కదిపినప్పుడు మెత్తగా కదలాలి, వదిలిన చోట ఆగాలి.

ముందు దొంగ ఎక్కడున్నాడో పట్టుకోండి

చాలామంది చేసే మొదటి తప్పు హెడ్ ఊగుతోందని వెంటనే దాన్ని విప్పేయడం. ఊగుతున్నది హెడ్డేనని ఎలా తెలిసింది? 60 రెట్లు పెద్దది చేసి చూపించే స్కోప్ వణుకునూ 60 రెట్లు చూపిస్తుంది. ఆ వణుకు కాలి అడుగు నుంచి స్కోప్ పాదం దాకా ఏ కీలులోనైనా పుట్టవచ్చు.

అందుకే ఈ పరీక్ష చేయండి. ట్రైపాడ్‌ని గచ్చు నేల మీద నిలబెట్టి స్కోప్ బిగించండి. అన్ని నాబ్‌లూ బిగించాక, ఇంట్లో ఎవరినైనా పిలిచి హ్యాండిల్‌ని అటూ ఇటూ చాలా కొద్దిగా కదపమనండి. మీరు చూపుడువేలి కొసను రెండు భాగాలు కలిసే సందు మీద అడ్డంగా ఆనించండి. వేలిలో సగం ఒక భాగం మీద, సగం రెండో దాని మీద ఉండాలి. ఆ సందులో వెంట్రుకవాసి కదలిక ఉన్నా వేలికి తెలిసిపోతుంది. కంటికి కనపడని ఆటను వేలు పట్టేస్తుంది.

కింది నుంచి పైకి రండి. కాళ్ళ లాకులు, కాళ్ళు పైన కలిసేచోట ఉండే బోల్టులు, మధ్య కాలమ్, హెడ్ అడుగు, హెడ్ అటూ ఇటూ తిరిగే కీలు, పైకీ కిందికీ వంగే కీలు, ప్లేటు పట్టు, చివరికి ప్లేటుకీ స్కోప్ పాదానికీ మధ్య. ఎక్కడ వేలికి కదలిక తగిలిందో అక్కడ ఒక చిన్న కాగితం అంటించండి. ఇంకెక్కడా చెయ్యి పెట్టకండి.

ఊగడమే సమస్య అయితే, చాలాసార్లు దొంగ హెడ్‌లో ఉండడు. కాళ్ళ పైబోల్టులు వదులై ఉంటాయి. ట్రైపాడ్‌ని గాల్లోకి ఎత్తి కాళ్ళు బార్లా చాపండి. వాటంతటవే కిందికి పడిపోతుంటే ఆ బోల్టులు పావు చుట్టు బిగించండి. పది నిమిషాల్లో సగం సమస్య తీరిపోవచ్చు. మధ్య కాలమ్ పూర్తిగా పైకి లేపి వాడుతున్నారా? దాన్ని దించి కాళ్ళు పొడుగు చేయండి. ఒంటికాలి మీద నిలబడ్డ స్కోప్‌ని ఎంత మంచి హెడ్డూ ఆపలేదు.

బిగించడం కాదు, తూకం కుదర్చడం

కీళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి, అయినా చెయ్యి తీయగానే స్కోప్ ముక్కు కిందికి వాలుతోందా? అది తూకం సమస్య. స్కోప్ ముందు అద్దం బరువైనది. దాని పాదాన్ని హెడ్ మీద నడిమధ్యకు బిగించేస్తే బరువంతా ముందుకు లాగుతుంది. మనమేమో నాబ్‌ని ఇంకా, ఇంకా బిగిస్తాం. నాబ్ అరిగిపోతుంది, లోపలి ప్లాస్టిక్ వాషర్లు నలిగిపోతాయి, తూకం మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి మందు పొడవాటి ప్లేటు. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో, అంచులు వాలుగా ఉండే ఆర్కా రకం ప్లేట్లు రకరకాల పొడవుల్లో దొరుకుతాయి. జానెడులో సగం కంటే కొంచెం పొడవున్నది తీసుకుంటే స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరిపే వీలుంటుంది. మీ హెడ్ వేరే రకం ప్లేటు పట్టేదైతే, పైన ఉన్న స్క్రూకి ఆర్కా క్లాంప్ ఒకటి బిగించుకోవచ్చు. నాకు తెలిసినంతలో ఈ ఒక్క మార్పు తెచ్చినంత తేడా ఇంకేదీ తేలేదు. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు ఇక్కడే పెట్టండి.

తూకం ఇలా చూడండి. వంపు నాబ్‌ని వదులు చేసి, రెండు చేతులూ స్కోప్‌కి చుట్టూ అరచెయ్యి దూరంలో కాపలా ఉంచండి. ముందుకు వాలితే ప్లేటును వెనక్కి జరపండి, వెనక్కి వాలితే ముందుకు. ఏ వైపూ వాలకుండా నిలబడిన చోట ప్లేటు మీద తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. ఫోన్ తగిలించి ఫొటోలు తీసే అలవాటు ఉంటే, ఫోన్ పెట్టాక మరో గీత గీయాలి. ఫోన్ బరువు కంటి వైపు పడుతుంది కాబట్టి తూకం మారిపోతుంది. రెండు గీతలూ ఉంటే పొద్దున్నే చీకట్లో కూడా తడుముకోనక్కర్లేదు.

ఇప్పుడు విప్పుదాం

తూకం కుదిరింది. అయినా కదిపినప్పుడు గరగరమంటోందా? ఒక్కచోట పట్టి, తర్వాత ఎగిరినట్టు దూకుతోందా? అయితే లోపల గ్రీజు ఎండిపోయింది, లేదా ఇసుక చేరింది. విప్పాల్సిందే. భయపడకండి. కానీ రెండు సందర్భాల్లో ఆగిపోండి. వారంటీ ఇంకా ఉంటే షాపుకే పంపండి. సినిమా కెమెరాలకు వాడే పెద్ద ఫ్లూయిడ్ హెడ్ అయితే, దాని లోపలి డబ్బీలు సీలు వేసి ఉంటాయి, వాటిని ఇంట్లో తెరవకూడదు.

1. ప్రతి మెట్టుకీ ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయనిపిస్తుంది. బిగించేటప్పుడే తెలుస్తుంది ఆ సన్న వాషర్ పైనుండేదో కిందనుండేదో!

2. తెల్లటి పాత దుప్పటి పరిచి, దాని మీద వెడల్పాటి పళ్ళెం పెట్టి అందులో విప్పండి. చిన్న స్ప్రింగులు ఎగిరిపడతాయి. తీసిన భాగాలను తీసిన వరుసలో కోడిగుడ్ల అట్టలోని గుంటల్లో పెట్టుకుంటూ పోండి.

3. కీ సైజు చూసుకోండి. చాలా హెడ్లకు 1.5 నుంచి 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు సరిపోతాయి. కానీ అమెరికాలో తయారైనవాటికి అంగుళాల కీలు కావాల్సి రావచ్చు. దగ్గరగా ఉంది కదా అని మిల్లీమీటర్ల కీ దూర్చి తిప్పారా, స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత దాన్ని తీయడానికి డ్రిల్ పెట్టాల్సిందే. కీ స్క్రూలో ఏమాత్రం ఆడినా తిప్పకండి.

4. రబ్బరు మూతల కింద, నాబ్‌ల పక్కన తల లేని చిన్న గ్రబ్ స్క్రూలు దాగి ఉంటాయి. ఏ భాగమైనా రానని మొండికేస్తే బలం పెట్టకండి. టార్చ్ వేసి చుట్టూ చూడండి, మీరు విప్పని స్క్రూ ఇంకొకటి ఉంటుంది.

5. సాసర్‌లా మధ్యలో గుంట పడిన స్ప్రింగు వాషర్లు ఎటు బోర్లించి ఉన్నాయో రాసుకోండి. కొన్నిచోట్ల రెండింటిని ఎదురెదురుగా పెడతారు. ఒకదాన్ని తిరగేసి పెడితే నాబ్ కొద్దిగా తిప్పగానే బిగుసుకుపోతుంది, లేదా ఎంత తిప్పినా పట్టు రాదు.

పాత గ్రీజును నూలు గుడ్డతో తుడిచేసి, మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీయండి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట అది దొరుకుతుంది. లోహపు భాగాలకు మాత్రమే అయితే కిరోసిన్ కూడా వాడవచ్చు. తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ వాషర్ల దగ్గరికి పెట్రోలు, థిన్నర్ రానివ్వకండి. కొన్ని రకాల ప్లాస్టిక్ వాటికి పగుళ్ళిస్తుంది.

గ్రీజు దగ్గరే బండి బోల్తా పడేది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎందుకంటే బాగుపడాల్సిన హెడ్లు ఎక్కువగా పాడయ్యేది ఈ మెట్టులోనే.

ఇంట్లో ఏముంటుంది? కొబ్బరినూనె ఉంటుంది, కుట్టుమిషన్ నూనె ఉంటుంది, తలుపు కిర్రుమంటే కొట్టే స్ప్రే ఉంటుంది. మూడూ దీనికి పనికిరావు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. పక్షులు చూడ్డానికి మనం వెళ్ళేదేమో శీతాకాలపు తెల్లవారుజామున! హెడ్ బిగుసుకుపోతుంది. మధ్యాహ్నానికి కరిగి జారిపోతుంది, కొన్నాళ్ళకు జిగురుగా మారి దుమ్మును పట్టి ఉంచుతుంది. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన, అది జారుడు పెంచుతుందే తప్ప నిదానం ఇవ్వదు. స్ప్రే అయితే ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ వదులు చేయడానికి దాన్ని అట్టిపెట్టుకోండి.

హెడ్‌కి కావాల్సింది డాంపింగ్ గ్రీజు. చిక్కగా, జిగటగా ఉంటుంది. వేలికి రాసి బొటనవేలితో నొక్కి తీస్తే సన్నటి దారాలుగా సాగుతుంది. మెల్లగా కదిపితే దారిస్తుంది, వేగంగా లాగితే అడ్డుకుంటుంది. స్కోప్‌లో ఎగిరే పక్షిని వెంబడిస్తున్నప్పుడు చేతికి తెలిసే ఆ మెత్తదనం ఇదే. బండ్ల బేరింగులకు వాడే గ్రీజు చూడ్డానికి ఇలాగే చిక్కగా ఉంటుంది కానీ దాని పని వేరు, అది రాపిడి తగ్గించడానికి పుట్టింది. ఏమీ దొరక్కపోతే చిక్కటి సిలికాన్ గ్రీజు కొంతవరకు పనికొస్తుంది.

ఎంత రాయాలి? వాషర్ మీద రాశాక దాని రంగు కిందినుంచి కనిపిస్తూనే ఉండాలి. అంతే. ఎక్కువ రాస్తే బిగించినప్పుడు పక్కలకు పొంగి, నాబ్ పట్టుకోవాల్సిన పొడి తలం మీదికి పాకుతుంది. ఇక అక్కడ పట్టు ఉండదు. విప్పేటప్పుడు ఏ తలం జిడ్డుగా ఉందో, ఏది పొడిగా ఉందో ఫొటోల్లో చూసి అలాగే ఉంచండి.

బాల్ హెడ్ ఉన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. గుండ్రటి బంతికి గ్రీజు రాయకండి. ఆ బంతి నిలబడేదే రాపిడి మీద. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, జిడ్డుంటే ఆల్కహాల్ తడిపిన గుడ్డతో. దానికి అదే చాలు.

వాషర్ అరిగిపోయి ఒక పక్క పల్చబడితే? వెర్నియర్‌తో దళసరి కొలిచి, అంతే మందం ఉన్న నైలాన్ లేదా టెఫ్లాన్ షీటు తెచ్చి కత్తెరతో కత్తిరించుకోవచ్చు. కాస్త మందంగా ఉండే భాగమైతే పాతది పట్టుకుని లేత్ షాపుకి వెళ్ళండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్ చుట్టుపక్కలనో అడిగితే ఇలాంటివి తిప్పిచ్చేవాళ్ళు కనిపిస్తారు. పెద్ద పనుల మధ్య ఇంత చిన్న ముక్కను పక్కన పెట్టేస్తారనుకోకండి. అది దేనికో, ఎక్కడ కూర్చుంటుందో హెడ్ చూపించి చెప్పండి. ఎందుకు కావాలో తెలిస్తే మేస్త్రి కొలత తప్పనివ్వడు.

మరల సంగతి

స్కోప్‌ని పట్టుకునే స్క్రూ పావు అంగుళం మందం, అంగుళానికి 20 మరలు. హెడ్ అడుగున కాళ్ళకు కలిసే పెద్ద స్క్రూ అంగుళంలో 8 భాగాలకు 3 భాగాల మందం, అంగుళానికి 16 మరలు. ఈ రెండు కొలతలు గుర్తుంటే ప్రపంచంలో ఏ మూల కొన్న ట్రైపాడ్‌తోనైనా దాదాపుగా పని జరుగుతుంది.

స్క్రూ పోయిందని హార్డ్‌వేర్ షాపులో 6 మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి బిగిస్తుంటారు. అది ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. కానీ పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. మర దూరం కూడా వేరు, దానికి 1.27, దీనికి 1 మిల్లీమీటరు. బలంగా తిప్పితే స్కోప్ పాదంలోని మెత్తటి అల్యూమినియం మరలు కొట్టుకుపోతాయి. 20 రూపాయల బోల్టు కోసం స్కోప్ పాదాన్ని పోగొట్టుకుంటామా? కెమెరా సామాన్ల షాపులో అడిగి సరైన స్క్రూ తెచ్చుకోండి. మరలు ఇప్పటికే పోయి ఉంటే, స్పార్క్ ప్లగ్ మరలు పోయినప్పుడు మెకానిక్‌లు వేసే హెలికాయిల్ ఇక్కడా పనికొస్తుంది. ఆ పని చేసిన చేతికే అప్పగించండి.

హెడ్ మొత్తం కాళ్ళ మీదినుంచి ఊడివస్తోందా? ఎడమవైపు తిప్పినప్పుడల్లా మర వదులయ్యే దిశలో తోస్తున్నామన్నమాట. ట్రైపాడ్ పైపళ్ళేన్ని కిందినుంచి చూడండి. చాలావాటికి రెండు మూడు చిన్న గ్రబ్ స్క్రూలు ఉంటాయి. హెడ్‌ని గట్టిగా ఎక్కించాక వాటిని పైకి బిగిస్తే అవి హెడ్ అడుగును పట్టి ఉంచుతాయి. ఏళ్ళ తరబడి ట్రైపాడ్ వాడినవాళ్ళలోనూ ఇవి ఉన్నాయని తెలియనివాళ్ళున్నారు. హెడ్ విప్పేముందు వాటిని వదులు చేయడం మరచిపోకండి. లేకపోతే హెడ్ అడుగున గీతలు పడతాయి.

మాటిమాటికీ వదులయ్యే స్క్రూకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేయండి. ఎరుపు వద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు. ప్లాస్టిక్‌కి తగిలే చోట ఏ రంగూ వద్దు. ఇన్‌స్టెంట్ గ్లూ అయితే అసలు ఆలోచించకండి.

కొత్త హంగులు: ఏవి మేలు, ఏవి దండగ

హ్యాండిల్ పొడిగించడం మేలు. హ్యాండిల్ నాలుగైదు అంగుళాలు పెరిగితే అదే కదలికకు చెయ్యి ఎక్కువ దూరం కదలాలి, కాబట్టి స్కోప్ సన్నగా, నిదానంగా జరుగుతుంది. పాత హ్యాండిల్ మీద సరిగ్గా ఎక్కే అల్యూమినియం గొట్టం చాలు. మీ ఛాతీకి తగిలేంత పొడుగు మాత్రం వద్దు. గొట్టం మీద పాత సైకిల్ ట్యూబు తొడగండి, ఎండలో కాలదు.

స్కోప్‌కీ ప్లేటుకీ మధ్య మందపాటి మెత్తటి రబ్బరు పెట్టడం దండగ. పట్టు పెరుగుతుందనిపిస్తుంది కానీ, రబ్బరు నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. తాకినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. స్కోప్ పక్కకు తిరుగుతోందనుకుంటే సన్నటి కార్క్ షీటు పెట్టండి, లేదా అంచు లేచిన ప్లేటు వాడండి.

బైనాక్యులర్స్‌ని కూడా ఈ హెడ్ మీద పెట్టవచ్చని తెలుసా? చాలా బైనాక్యులర్స్‌లో రెండు గొట్టాల మధ్య కీలుకు ముందువైపు ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తిప్పి తీస్తే లోపల పావు అంగుళం మర కనిపిస్తుంది. L ఆకారపు అడాప్టర్ ఒకటి కొని బిగించి, మడత కుర్చీలో కూర్చుని చూడండి. చేత్తో పట్టుకుని చూసినప్పుడు ఖాళీగా అనిపించిన చెరువు గట్టు మీద ఉల్లంకులు ఎన్నెన్ని తిరుగుతున్నాయో అప్పుడు కనిపిస్తాయి.

గాలి వీచేచోట కాలమ్ కొక్కేనికి సంచి వేలాడదీస్తారు కదా, ఆ సంచి అడుగు నేలకు ఆనేటట్టు కట్టండి. గాల్లో ఊగే సంచి ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది.

పులికాట్, కోరింగ లాంటి ఉప్పునీటి ప్రాంతాలకు వెళ్ళొచ్చేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. అల్యూమినియంలో స్టీలు స్క్రూ ఉన్నచోట ఉప్పు తడి తగిలితే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. సందుల్లో తెల్లటి పొడి కనిపిస్తే అదే. ఇంటికి రాగానే మంచినీటితో తడిపి పిండిన గుడ్డతో హెడ్‌ని, కాళ్ళను తుడిచి ఆరబెట్టండి. కుళాయి కింద మాత్రం పెట్టకండి, నీళ్ళు ఉప్పును లోపలికి తీసుకుపోతాయి. స్క్రూ అప్పటికే పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, సరైన కీతో మెల్లగా తిప్పండి.

బిగించాక పరీక్ష

మేడ మీదికి తీసుకెళ్ళి దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది పింగాణీ గిన్నెను గురిపెట్టండి. నాబ్ బిగించి చెయ్యి తీయండి. బొమ్మ ఎంత జారింది? అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి, ఇంకా జారిందా? తర్వాత స్కోప్ మీద వేలితో చిన్నగా తట్టి వణుకు ఆగడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. విప్పకముందే ఫోన్‌తో ఇదే పరీక్షను వీడియో తీసి ఉంచుకుంటే రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తేడా కళ్ళారా చూస్తే వచ్చే ఉత్సాహమే వేరు.

ఇంత చేసినా జారుతుంటే, లోహపు పోతలో పగులుందేమో, లోపలి ఇరుసు మీద లోతైన గీత పడిందేమో చూడండి. అవి ఇంట్లో బాగయ్యేవి కావు. అతికించి వాడకండి, మీద ఉన్న స్కోప్ విలువ హెడ్ కంటే చాలా ఎక్కువ. కొత్త హెడ్ కొనుక్కోండి. పాతదాని స్క్రూలు, స్ప్రింగులు, వాషర్లు మాత్రం ఒక డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి.

బాగయిన హెడ్‌ని మొదటిసారి బయటికి తీసుకెళ్ళినప్పుడు స్కోప్ పట్టీని ట్రైపాడ్ కాలికి చుట్టి ఉంచండి. గంటకోసారి ప్రతి నాబ్‌నీ, ప్లేటు స్క్రూనీ వేలితో తడిమి చూడండి. కొత్త వాషర్లు మొదటి రోజు కాస్త కుదురుకుంటాయి, ఇంటికొచ్చాక వాటిని మరో పావు చుట్టు బిగించాల్సి ఉంటుంది.